గంగులమ్మ కేసు

“మా ఇంట్లోనే నర్సుండాది, మాకేం భయమప్పా” అని నాగేష్ ఎవరితో మాట్లాడినా ఒకసారైనా అంటాడు. ధర్మవరంలో అతను పనిచేసే పట్టుచీరల షాపులో సావుకారు షుగరు గురించి దిగులు పడినా, పక్క వీధిలో ఎవరికైనా జ్వరం తగిలినా, పెళ్లిళ్లలో చుట్టాలు మోకాళ్లు పట్టుకుని మూలిగినా ఆ మాటే. కొత్తలో యశోదకు అది వింటే గర్వంగా ఉండేది. ఇప్పుడు, పెళ్లయి ఇరవై ఏళ్లు కావొస్తుంటే, అదే మాటకు ఒంటిమీద చీమలు పాకినట్టుంటుంది. ఆమె హిందూపురంలో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో ట్యూటరు. రోజూ రైల్లో పోయి రైల్లో వస్తుంది. నాగేష్ బయట అనే ఆ మాటకు జోడీగా ఇంట్లో అనే మాట ఇంకొకటుంది: “నాకు రాదు.”

ఆ పొద్దున కూడా అదే అన్నాడు. అత్త కదిరమ్మకు కుడిపక్క పడిపోయి రెండేళ్లు దాటింది. మాట ముద్దముద్దగా వస్తుంది గానీ తెలివి ఎక్కడికీ పోలేదు. తెల్లవారకముందే యశోద ఆమె తడిపిన గుడ్డలు తీసి, గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడిచి, గోడవైపు ఒత్తిగిలించి వీపు వెనక దిండు ఎగదోస్తుండగా వంటింట్లో కుక్కరు కూతల మీద కూతలు వేసింది. “ఆ స్టవ్ కొంచెం ఆపండి” అని కేకేసింది. నాగేష్ ఫోన్లోంచి తల ఎత్తి, “నాకు రాదు, అది యా పక్కకు తిప్పల్లో ఏమో” అన్నాడు. కుక్కరు ఇంకోసారి కూసింది. యశోద తడి చేతులతోనే పరుగెత్తి ఆపి వచ్చింది.

రాదు అనే మాటలో ఎంత సుఖముందో అని ఆమె గుడ్డలు నానబెడుతూ అనుకుంది. షాపులో తెల్లటి పరుపు మీద కూర్చుని, పట్టుచీర మడత విప్పి, కుచ్చిళ్లు పోసి, కొంగు తన భుజమ్మీదే వేసుకుని “చూడమ్మా, ఎట్ల పడతాండాదో” అని ఆడవాళ్లకు చూపించే మనిషి. జరీ అంచు మీద ఆ వేళ్లు ఎంత మెత్తగా కదులుతాయో ఆమె కళ్లారా చూసింది. ఆ వేళ్లకే దుప్పటి మార్చడం రాదు, తల్లికి జావ తాపడం రాదు, స్టవ్ ఆపడం రాదు. రాదన్నవాణ్ణి ఎవరూ రెండోసారి అడగరు. వచ్చినదాన్నే అడుగుతారు. తనకు వచ్చు, వచ్చునని కాగితం మీద ముద్ర కూడా ఉంది. అందుకే వీధిలో బీపీ చూడాలన్నా, కట్టు మార్చాలన్నా, ఇంజక్షను వేయాలన్నా ఈ తలుపే తడతారు. “రెండు నిమిషాల పనే గదా యశోదక్కా.” పక్కింటి దొడ్డమ్మ ఒక్కతే ఆ రుణం ఉంచుకోదు, మధ్యాహ్నం వచ్చి కదిరమ్మకు ఇంత జావ తాపి, పక్క మార్చి పోతుంది. ఆ దొడ్డమ్మే లేకపోతే తన ఉద్యోగం ఎప్పుడో ఊడేది. నాగేష్ షాపు పక్క వీధిలోనే. మధ్యాహ్నం వస్తాడు, తింటాడు, “ఎట్లుండావమ్మా” అని గడపలోంచి అడిగి పోతాడు.

ఆ ఏడాది కాలేజీలో పాత స్టోరు రూముకు సున్నం కొట్టించి, ఏసీ పెట్టి, కంప్యూటర్లు వరసగా అమర్చి ‘వర్చువల్ సిమ్యులేషన్ ల్యాబ్’ అని బోర్డు తగిలించారు. తెర మీద ఆసుపత్రి వార్డు ఉంటుంది. మంచం మీద రోగి బొమ్మ కదులుతూ, మాట్లాడుతూ, మూలుగుతూ ఉంటుంది. నర్సింగ్ పిల్లలు ఆ రోగిని పలకరించాలి, నాడి చూడాలి, ఏం చేయాలో తేల్చుకుని చేయాలి. తప్పు చేస్తే బొమ్మకు నొప్పి పుడుతుంది, ఊపిరాడదు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అయినా ఎవరూ చావరు. మళ్లీ మొదటినుంచి చేయొచ్చు. నిజం మనిషి మీద చెయ్యి వేయకముందే చేతికీ కంటికీ నోటికీ అలవాటు చేయించడం అన్నమాట. యశోదకు ఆ గది నచ్చింది. తను చదువుకున్న రోజుల్లో మొదటి తప్పు నిజం మనిషి మీదే చేసింది. ఆ ముసలాయన పెట్టిన కేక ఇప్పటికీ గుర్తుంది.

చిక్కల్లా కొన్న ప్రోగ్రాంలో రోగులంతా ఇంగ్లీషులో, అదీ ముక్కుతో మాట్లాడటం. పరిగి నుంచి, మడకశిర పల్లెల నుంచి వచ్చిన పిల్లలు రోగం కంటే ఆ యాసకే భయపడిపోయారు. తెలుగు కేసులు రాసి పంపితే తయారు చేసిస్తామని బెంగళూరు కంపెనీ వాళ్లన్నారు. మిగతా ట్యూటర్లు తీరిక లేదన్నారు. యశోదకు మాత్రం ఎక్కడుంది తీరిక! రైల్లో, పెనుకొండలో ఎక్కే ఫ్యాక్టరీ ఆడపిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని, ఫోన్లో ఒక కేసు రాసింది. పక్షవాతంతో ఇంట్లో మంచాన పడిన పెద్దావిడ. పేరు గంగులమ్మ. ఆమెకు ఒళ్లు తుడవాలి, పక్క మార్చాలి, అన్నం పెట్టాలి. గొంతు ఎవరిది పెట్టాలని కంపెనీ వాళ్లడిగితే, ల్యాబులో ఏసీ ఆపి, తలుపు మూసి తనే మాట్లాడి పంపింది. మాట్లాడుతుంటే తనకు తెలియకుండానే కదిరమ్మ యాస, కదిరమ్మ విసుగు గొంతులోకి వచ్చేశాయి.

ల్యాబు ప్రారంభించిన రోజున గంగులమ్మ కేసునే అందరికీ చూపించారు. కంప్యూటర్లు చూసుకునే సునీల్ మౌసు కదిలిస్తుంటే తెర మీద గంగులమ్మ “అబ్బా, మెల్లిగా” అంది. వచ్చిన పెద్దలు చప్పట్లు కొట్టారు. ఛైర్మన్ గారు సునీల్‌కు శాలువా కప్పారు. అతను ఇబ్బందిగా వెనక్కి తిరిగి యశోద కోసం చూశాడు, కానీ అప్పటికే ప్రిన్సిపాల్ మేడం ఆమె చెవిలో “యశోదా, గెస్టులకు ఉగ్గాని సరిపోతుందా, బజ్జీలు వేడిగా ఉన్నాయా, కాస్త చూడు” అని పంపేసింది. ప్లేట్లు పట్టుకుని వరండాలో నిలబడి యశోద తన గొంతు మూలగడం, దానికి హాలు చప్పట్లు కొట్టడం విన్నది. బజ్జీలు వేడిగానే ఉన్నాయి.

ఆ రోజునుంచి ఆమెకు ఒకచోట నిలకడ లేకుండా పోయింది. పాఠం చెబుతూ కిటికీ దగ్గరికి పోతుంది, మళ్లీ బోర్డు దగ్గరికి వస్తుంది. పిల్లలు పోయాక ల్యాబులో కూర్చుని గంగులమ్మ కేసు తనే చేస్తుంది. చేతులు కడుక్కోవడం, పేరు చెప్పడం, చేయొచ్చా అని అడగడం, దుప్పటితో పక్క మార్చడం, తల ఎత్తిపెట్టి అన్నం పెట్టడం. చివర తెర మీద ‘అద్భుతంగా చేశారు’ అని వస్తుంది. తను రాసిన మాటే అది. అయినా ఒక్కొక్క సాయంత్రం రైలు టైమయ్యేదాకా ఆ రెండు ముక్కల వైపే చూస్తూ కూర్చునేది. ఇంత వయసొచ్చి యంత్రం చేత మెచ్చించుకుంటున్నానా అని సిగ్గుపడేది. సిగ్గుపడుతూనే మర్నాడు మళ్లీ చేసేది.

కొన్ని వారాలకు కంపెనీ నుంచి ప్రిన్సిపాల్‌కు ఫోనొచ్చింది. గంగులమ్మ కేసు రాసిన మనిషిని బెంగళూరు పంపమన్నారు. సిమ్యులేషన్ నేర్పేవాళ్లకు పది రోజుల ట్రైనింగు, అక్కడే ఉండాలి. “ఇంట్లో వీలవుతుందో లేదో కనుక్కో” అంది ప్రిన్సిపాల్. సునీల్‌ను ఎక్కడికి పంపినా ఈ ప్రశ్న అడగరని యశోద అనుకుంది, అనలేదు.

రాత్రి సంకటి ముద్దలు పెడుతూ చెప్పింది.

“పది దినాలా?” నాగేష్ ముద్ద చేతిలోనే ఆపాడు. “ఆ కంప్యూటరు ఆట నేర్చుకునేదానికి బెంగళూరు పోవల్లా? అమ్మనెవురు చూస్తారు?”

“మధ్యాహ్నం దొడ్డమ్మ వస్తాది. పొద్దన, సాయంత్రం, రాత్రి...”

“సరే, పో. నేనేమన్నా వద్దంటినా? దీపిక ఉండాది గదా. ఆడపిల్ల, ఎట్లున్నా నేర్చుకోవల్సిందే.”

దీపిక ఇంటర్ రెండో సంవత్సరం. మూలన కూర్చుని ఫిజిక్సు లెక్క చేసుకుంటోంది. తల ఎత్తకుండానే “సరే నాయనా” అంది.

యశోద చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ ‘సరే’లో కోపం లేదు, ఏడుపు లేదు, కనీసం విసుగైనా లేదు. ఉంటే బాగుండేది. పెన్నుకు మూత పెట్టినంత తేలిగ్గా అనేసింది పిల్ల. ఈ ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నదో, ఎవరి నోటినుంచి విన్నదో యశోదకు తెలుసు. పదిహేడేళ్లుగా విని నేర్చుకుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, ఏ ల్యాబూ అక్కర్లేకపోయింది.

“దీపిక కాదు,” అంది యశోద. “మీరు.”

“నేనా?” నాగేష్ నవ్వాడు. “నాకు రాదు.”

“రాకుంటే నేర్పిస్తా. నా ఉద్యోగమే అది.”

“ఇనుకుంటివా అమ్మా, నాకు నర్సు ట్రైనింగంట!” అని అతను మంచం వైపు తిరిగి ఇంకా నవ్వాడు. కదిరమ్మ నవ్వలేదు. యశోద కూడా నవ్వకపోయేసరికి అతని నవ్వు కాసేపటికి దానంతటదే సద్దుమణిగింది.

ఆదివారం షాపుకు సెలవు. ప్రిన్సిపాల్‌ను అడిగి తెచ్చిన ల్యాప్‌టాప్‌ను యశోద కదిరమ్మ మంచం పక్కన స్టూలు మీద పెట్టి, నాగేష్‌ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. ఇదేదో తొందరగా ముగించి బజారుకు పోదామని అతను మౌసు పట్టుకున్నాడు. తెర మీద పెంకుటింటి గది, మంచం, మంచం మీద గంగులమ్మ. నాగేష్ పలకరింపులేం పెట్టుకోలేదు. నేరుగా ‘పక్క మార్చు’ మీద నొక్కి, పడిపోయిన కుడిచేతిని పట్టుకుని లాగాడు.

“అబ్బా! భుజం ఊడిపాయరో!” అని గంగులమ్మ అరిచింది.

నాగేష్ మౌసు వదిలేశాడు. మంచం మీద కదిరమ్మ కూడా ఉలిక్కిపడింది. “ఎవురది? నా మాదిరే అరస్తాండాదే!”

“నువ్వే అత్తా,” అంది యశోద. “గొంతు నాది.”

రెండోసారి అతను పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఉంచి అన్నం పెట్టాడు. గంగులమ్మకు పొలమారింది, దగ్గు ఆగలేదు, తెర ఎర్రగా మారిపోయింది. మూడోసారి ఏమీ చేయకుండా తెరంతా వెతికి, మూలన ఉన్న ‘సహాయానికి పిలవండి’ అనే బటన్ నొక్కాడు. ‘ఇప్పుడు ఇంట్లో మీరు తప్ప ఎవరూ లేరు’ అని వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

“ఇదేం పని చేసేట్టు లేదే?”

“పనిచేస్తాండాది. ఎవురూ రారు, అంతే. మొదట్నుంచి చెయ్యి. చేతులు కడుక్కో. నువ్వెవరో చెప్పు. ఏం చేయబోతాండావో చెప్పు. చేయొచ్చా అని అడుగు. ఊ అంటే అప్పుడు చెయ్యి వెయ్యి.”

అది ల్యాబు గొంతు. ఇరవై ఏళ్లుగా మీరు అని పిలిచిన మనిషిని నువ్వు అనేసిందని ఆమెకు మాట బయటపడ్డాక తెలిసింది. అతనికీ తెలిసింది.

“కన్నతల్లిని ముట్టుకునేదానికి అడిగేదేంది?” నాగేష్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. “ఇవన్నీ ఆడోళ్ల పనులు యశోదా. కొడుకనేవాడు తల్లికి గుడ్డలు మారుస్తాడా? నలుగురు ఇంటే యామనుకుంటారు?” చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

కదిరమ్మ సగం నోటితో నవ్వుతోంది. యశోద ల్యాప్‌టాప్ మూయబోతుంటే ఆ నవ్వు ఆగింది. “మేయ్,” అంది ముద్దముద్దగా. “ఆ బొమ్మనైతే అడగమంటాండావే. రెండేండ్లాయ. నన్నెప్పుడన్నా అడిగితివా?”

“ఏమడగల్లత్తా?”

“పొద్దన పోతాపోతా నన్ను గోడ పక్కకి తిప్పి పోతావు. దొడ్డమ్మ వచ్చేదాకా నాకు ఆ గోడే. వాకిలి పక్కకి తిప్పితే పోయేవాళ్లు వచ్చేవాళ్లు కనపడతారు.”

“చెప్పొచ్చు గదా!”

“నేను నోరు కూడదీసుకోని చెప్పేలోపల నీ రైలు పోతాది.”

మొదట యశోదకు ఒళ్లు మండింది. ఇంత చేసినా ఇదేనా, కడుపున పుట్టినవాడు గడపలోంచి పలకరించి పోతే తప్పు లేదు, తనొక్కతే మార్కులకు నిలబడాలా అనుకుంటూ పెరట్లోకి పోయి, ఆరిన గుడ్డలు తీస్తున్నట్టుగా తీగ మీద అటూ ఇటూ జరిపింది. మండుతున్నంతసేపూ లోపల ఇంకొకటి తొలుస్తూనే ఉంది. అత్త చెప్పింది నిజం. ల్యాబులో ‘చేయొచ్చా అని అడిగారా’ అన్నదానికి మార్కులు పెట్టింది తనే. ఇంట్లో ఈ రెండేళ్లలో ఒక్క పొద్దునైనా అడగలేదు. చేతులే అత్తను తిప్పాయి, తుడిచాయి, తాపాయి. మనసు అప్పటికే స్టేషన్లో ఉండేది. గంగులమ్మ దగ్గర అద్భుతమనిపించుకున్న మనిషి కదిరమ్మ దగ్గర ఎప్పుడో పరీక్ష తప్పింది. కానీ రైలు తరుముతుంటే ఎవరు అడుగుతారు? ఎవరు ఆగి వింటారు? ఇద్దరి పని ఒక్కతే చేస్తే చేసేదానికీ సుఖం లేదు, చేయించుకునేదానికీ సుఖం లేదు. సుఖమంతా తిని లేచిపోయేవాడిదే. ఇన్నాళ్లూ ఒకే మంచం దగ్గర ఒకరికొకరు మొహం తిప్పుకుని తామిద్దరూ బతికారని, అట్లా బతికించినవాడు గడపలో నిలబడి “ఎట్లుండావమ్మా” అని అడిగి మంచివాడనిపించుకున్నాడని తోచేసరికి, తీగ మీది దుప్పటి చేతిలో ఉండచుట్టుకుపోయింది.

లోపలికొచ్చి మంచం పక్కన కూర్చుంది. “ఇప్పుడు అడుగుతాండా అత్తా. నీ కొడుకు నీకు చేస్తే ఒప్పుకుంటావా? వద్దంటే చెప్పు. ఇంగో దారి వెతుకుతా. దీపికను మాత్రం పెట్టను.”

కదిరమ్మ కళ్లు మూసుకుంది. జవాబు ఇవ్వలేదు.

రెండు రోజులు ఇవ్వలేదు. ఆ రెండు రోజులూ యశోద కాలు కాలిన పిల్లిలా తిరిగింది. వాకిలి వైపు తిప్పి పడుకోబెడితే కదిరమ్మ వీధిని చూస్తూ ఉండేది గానీ కోడలి మొహం చూడలేదు. నాగేష్ ఇంట్లో మాటలు తగ్గించాడు. షాపులో మాత్రం ‘మా ఇంట్లోనే నర్సుండాది’ అనడం మానలేదని దొడ్డమ్మ చెప్పింది. ప్రిన్సిపాల్ “ఏమయింది యశోదా, సునీల్‌నే పంపేదా?” అని అడిగింది. “రేపు చెబుతా మేడం” అంది. తన శరీరాన్ని ఎవరు ముట్టుకోవాలో తేల్చుకునే హక్కు ఆ ముసలామెకు ఉందని యశోదకు తెలుసు, పిల్లలకు అదే పాఠం చెప్పింది. ఆమె కాదంటే ఏం చేయాలో మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

మూడో రోజు సాయంత్రం నాగేష్ షాపు నుంచి వచ్చి చొక్కా విప్పుతుంటే కదిరమ్మ పిలిచింది.

“రేయ్ నాగా. ఈడికి రా. ఆ బొమ్మ కాడ కూచో.”

“యాలమ్మా?”

“నా భుజం ఇరగ్గొట్టేదానికి ముందర దాని భుజం ఇరగ్గొట్టి నేర్చుకో.”

దీపిక పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. నాగేష్ తల్లి వైపు, భార్య వైపు చూసి, విప్పిన చొక్కా మళ్లీ వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ఆ తర్వాత జావ తాపుతున్నప్పుడు యశోద మెల్లగా అడిగింది. “నిజంగా ఒప్పుకున్నావా అత్తా, నా కోసమని...”

“నీ కోసం కాదు లేవే,” అంది కదిరమ్మ. గుక్క మింగి, ఊపిరి తీసుకుని, ఒక్కొక్క మాటే తోడింది. “ఆ పిల్ల చెయ్యి ఒక్కసారి నా మీద పడితే ఇంగ ఆ చెయ్యి ఈ మంచాన్ని వదల్దు. నాకు తెల్దా? నా చెయ్యి, నీ చెయ్యి వదిలిందా?” మళ్లీ ఆగింది. “సిగ్గంటావా. నాకూ ఉండాది, వానికీ ఉండాది. ఇద్దరం కండ్లు మూసుకుంటాంలే. వాన్ని కడిగినన్నాళ్లు నేనేమన్నా సిగ్గనుకుంటినా?”

ఆ వారంలో మిగిలిన రోజులన్నీ నాగేష్ సణుగుతూనే గంగులమ్మ దగ్గర కూర్చున్నాడు. ఆమెకు పుండు పడేట్టు చేశాడు, నీళ్లు మరిచిపోయాడు, ఒకసారి చేతులు కడుక్కోకుండా పుండు ముట్టుకుని తిట్లు తిన్నాడు. యశోద పక్కన నిలబడి చెప్పలేదు, వంటింట్లో తన పని తను చేసుకుంది. పరుగెత్తి వచ్చి మౌసు లాక్కోవాలని చెయ్యి దురదపెట్టేది. ఆ దురదను ఓర్చుకోవడమే ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. ఒకరోజు లోపలినుంచి, “అమ్మా, ఈ పక్కకు తిప్పుతా, సరేనా? నొప్పయితే చెప్పు” అని గంగులమ్మతో అంటున్న నాగేష్ గొంతు వినబడింది. చీరలు చూపించే గొంతు అది. కొనేవాళ్లకు తప్ప ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరికీ వినిపించని గొంతు. దాన్ని విని యశోదకు సంతోషం కలగలేదు. ఇంత మెత్తని గొంతు ఈ ఇంట్లోనే ఉండి, ఇన్నాళ్లూ దుకాణానికే పోయి వచ్చిందే అనుకుంటూ చేతిలో గిన్నెను గట్టిగా తోమింది.

శనివారం నిజం దుప్పటితో, నిజం తల్లితో చేశాడు. యశోద గుమ్మంలో నిలబడింది. కదిరమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. అతనూ గోడ వైపు చూస్తూ గుడ్డ మార్చాడు, వంకరగా కట్టాడు. “వంకరుండాది” అని కదిరమ్మే కళ్లు తెరవకుండా చెప్పింది. మళ్లీ కట్టాడు. ఆ తర్వాత పెరట్లోకి పోయి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. లోపలికొచ్చి, “దినామూ ఇట్లనే చేస్తాండావా నువ్వు?” అన్నాడు. అది పొగడ్తో, జాలో, ఫిర్యాదో అతనికే తెలిసినట్టు లేదు. యశోద ఊ కొట్టి, విప్పిన గుడ్డలు నానబెట్టడానికి పోయింది.

సోమవారం పొద్దున బ్యాగు భుజాన వేసుకుని, పెట్టె పట్టుకుని ఆమె రైలెక్కింది. అదే రైలు, టికెట్టు మాత్రం బెంగళూరుకు. కిటికీ పక్కన చోటు కూడా దొరికింది. ధర్మవరం దాటినప్పటినుంచి మందులు ఎక్కడున్నాయో చెప్పానా, దొడ్డమ్మకు తాళంచెవి ఇచ్చానా, రాత్రి నీళ్లచెంబు అందేట్టు పెట్టమన్నానా అని ఒకటే గుంజాటన. చెప్పింది, ఇచ్చింది, అంది. తెలిసీ మనసు ఊరుకోలేదు. పెనుకొండ కొండ కనిపిస్తుండగా ఫోను మోగింది.

“అమ్మ పక్కంతా తడిపేసింది,” నాగేష్ గొంతులో కంగారు. “నీళ్లు కాగబెట్టినా. ముందర యా పక్కకు తిప్పల్ల?”

జవాబు ఆమె నాలుక మీదే ఉంది. అర నిమిషంలో చెప్పేయొచ్చు. చెబితే ఇంకో అర నిమిషానికి ఇంకో ఫోను వస్తుంది, పది రోజులూ వస్తూనే ఉంటుంది, ఆ మంచం పెట్టెలో మడతపెట్టుకుని బెంగళూరు తెచ్చుకున్నట్టే.

“అత్తనడుగు,” అంది.

“ఆమె తిడతాండాదే!”

“తిట్టనీ. తిడతా తిడతానే చెప్తాది. అడుగు.”

ఫోను పెట్టేసింది. పెట్టేశాక బొటనవేలు అతని పేరు మీదికే పోయింది. వెనక్కి తీసుకుంది. మళ్లీ పోయింది. ఫోనును ఒళ్లో బోర్లా పెట్టి, ఎదురుగా ఉన్న ఆడపిల్ల టిఫిన్ డబ్బా విప్పడం చూస్తూ కూర్చుంది. అత్త తడి పక్క మీద ఉంది. ఎంతసేపు ఉంటుంది? ఒకవేళ కుడిచెయ్యి పట్టి లాగితే? లాగితే అరుస్తుంది, అరిస్తే వదులుతాడు. అంతకు మించి ఏమీ కాదని నర్సుగా తెలుసు. కోడలిగా కూర్చోలేకపోయింది. లేచి గుమ్మం దాకా పోయి, మళ్లీ వచ్చి కూర్చుంది.

హిందూపురం వచ్చింది. అలవాటు కొద్దీ కాళ్లు లేచాయి. కింద ప్లాట్‌ఫారం మీద రెండో సంవత్సరం పిల్లలు దిగుతూ, “మేడం, దిగరా?” అని అరిచారు. చేత్తోనే లేదని చెప్పి కూర్చుంది. రైలు ఇంకా కదలకముందే ఫోను మళ్లీ మోగింది. ఈసారి దీపిక.

“అమ్మా, నాయనకు చేతనయ్యేట్టు ల్యా. అవ్వ కేకలేస్తాండాది. నేను ఈ పొద్దు కాలేజీకి పోనులే. ఒక్క దినమే గదా.”

వెనకాల కదిరమ్మ తిట్టు, “ఆగమ్మా, అడుగుతాండా గదా!” అని నాగేష్ గొంతు కలిసి వినబడుతున్నాయి. ఒక్క దినమే. ఏదైనా ఒక్క దినంతోనే మొదలవుతుందని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి?

“యాడుండావు నువ్వు?”

“వాకిట్లో.”

“చెప్పులేసుకున్నావా?”

“ఊ.”

“పుస్తకాల బ్యాగు?”

“భుజానే ఉండాది.”

“అయితే గేటు తియ్యి.”

“అమ్మా, అవ్వ...”

“అవ్వ కొడుకు ఆమె దగ్గరే ఉండాడు. నేను లైన్లోనే ఉంటా. తియ్యి.”

దీపిక కాసేపు కదల్లేదు. రైలు కదిలింది. గేటు కిర్రుమన్న చప్పుడు వినిపించింది, వెనకే గొళ్లెం పడిన చప్పుడు. తర్వాత వీధిలో ఆటో హారను, కూతురి చెప్పుల చప్పుడు, ఆయాసపడుతున్న ఊపిరి. ఇంట్లోంచి వస్తున్న తిట్లూ, “ఈ పక్కకేనా అమ్మా, ఈ పక్కకేనా?” అంటున్న నాగేష్ గొంతూ ఆ పిల్ల అడుగు అడుగుకూ సన్నబడి, సన్నబడి, పూర్తిగా వినబడకుండా పోయేదాకా యశోద ఫోను చెవినుంచి తీయలేదు.